కాలిన కొండ మీద మా దోవ

నేను గుంతకల్లు రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగాను. మా నాయన పట్టాలు సరిచేసే గ్యాంగులో పనిచేసేవాడు. మా ఇంటి ముందు ఎటు చూసినా చదునే. పట్టాలు, సిగ్నల్ స్తంభాలు, ఎండకు మెరిసే కంకర. కొండ అంటే నాకు గుత్తి మీదుగా రైల్లో పోయేటప్పుడు కిటికీలోంచి కనిపించే కోట కొండే. తొంభైల చివర్లో పెళ్లయి గోరంట్ల వైపు ఒక పల్లెకు కాపురానికి వస్తే, అత్తవారింటి పెరటి గోడ అవతలే కొండ లేచి నిలబడి ఉంది. మొదటి వారం దాన్ని చూస్తే నాకు ఊపిరాడనట్టు ఉండేది.

ఊళ్లోవాళ్లు దానికి పేరేమీ పెట్టలేదు, ఉత్త కొండ అనేవాళ్లు. దాని మీదుగా ఒక కాలిదోవ అవతలి ఊరికి పోతుంది. అవతల హైస్కూలు ఉంది, సంత ఉంది, మా అత్త పుట్టిల్లు ఉంది. బస్సులో పోవాలంటే రోడ్డు దాకా నడిచి, గోరంట్ల పోయి, అక్కడ ఇంకో బస్సు కోసం కూర్చుంటే పొద్దంతా ఖర్చయిపోయేది. కొండ దాటితే పొద్దున పోయిన మనిషి మధ్యాహ్నం సంగటి వేళకు ఇంట్లో ఉండేది.

నా భర్తకు హిందూపురం మిల్లులో పని. ఆదివారం వస్తే వచ్చినట్టు. ఇంట్లో ఉండేది అత్త, మామ, నేను. మామకు గొర్రెలే లోకం. అత్త మాటకు పదునెక్కువ, నడకకు వేగమెక్కువ. నేను వచ్చిన నెల లోపలే నన్ను తన పుట్టింటికి తీసుకుపోతానని బయలుదేరదీసింది. ఆమె తలమీద బుట్ట, అందులో పుట్టింటికి తీపి ఓళిగలు, కాళ్లకు చెప్పుల్లేవు. నేను సగం ఎక్కకముందే ఒక బండ మీద కూలబడిపోయాను.

"ఏమ్మే, రైలింజను మాదిరి ఉస్సురుస్సురంటాండావు? మీ గుంతకల్లులో కాళ్లు నడిచేకి ఇయ్యల్యా దేవుడు?" అంది అత్త.

"కొంచెం కూర్చుందామత్తా," అన్నాను.

"కూర్చో. ఈ దోవన్నే నేను పెండ్లికూతురై వచ్చింటి. పట్టుచీర మోకాళ్ల దాకా ఎత్తికట్టుకోని దిగినా. మీ మామ ముందర పోతాండాడు, ఎనక్కి తిరిగి ఒక్కసారన్నా చూసింటే ఒట్టు," అని నవ్వింది.

ఆ రోజు ఆమె దోవ పొడుగునా నాకు ఒక్కొక్కటీ చూపించింది. గోడల్లా దట్టంగా పెరిగిన బందారు పొదలు, వాటి మధ్య సీతాఫలం చెట్లు, మనిషి నడుము ఎత్తు బోదగడ్డి. ఆ గడ్డితోనే కొట్టాలకు కప్పు వేసుకునేవాళ్లు. పైన బండ మధ్యలో వాననీళ్లు నిలిచే గుంత ఉంది, దోన అంటారు. దోసిలితో ఆ నీళ్లు తాగి, ముఖం కడుక్కుని, నేను మొదటిసారి కిందికి చూశాను. మా ఊరు అరచేతిలో పట్టేంత ఉంది. అప్పుడే నాకు కొండంటే భయం పోయిందని చెప్పలేను గానీ, ఆ తర్వాత నుంచి అత్త బుట్ట ఎత్తుకుంటే నేనూ చెప్పులు విడిచేదాన్ని.

మరుసటి వేసవిలో, ఉగాది దాటిన కొన్నాళ్లకు, కొండకు నిప్పు అంటుకుంది. ఎవరో పారేసిన బీడీ ముక్కో, లేత గడ్డి మొలుస్తుందని ఎవరైనా ముట్టించారో, ఈ రోజుకీ తెలియదు. మధ్యాహ్నం అన్నాలు తిని గిన్నెలు తోముతున్నాను. పడమటి వాలు మీద పొగ లేచింది. చూస్తుండగానే పొగ కింద ఎర్రటి గీత ఒకటి గడ్డిలో పాకుతూ వచ్చింది. గాలి మావైపే ఉంది.

మగవాళ్లలో చాలామంది కూలికి బెంగుళూరు పోయి ఉన్నారు. ఫైరింజను పిలిపించినా కొండ మీదికి ఎక్కదు. అత్త కొంగు నడుముకు చుట్టి వీధిలోకి పరుగెత్తింది.

"కొండ కాలిపోతాండాది! ఇండ్లల్లో ఎవురూ ఉండాకండి! పచ్చికొమ్మలు ఇరుచుకోని రాండి, నీళ్ల బిందెలు గాదు, కొమ్మలు!"

ఎందుకు బిందెలు వద్దందో నాకు పైకి పోయాక అర్థమైంది. ఆ మంటకు బిందెడు నీళ్లు ఒక లెక్క కాదు. పచ్చి బందారు కొమ్మతో గడ్డి మొదట్లో కొడితే నిప్పు ఆరుతుంది. కానీ కొట్టేచోట నిలబడడానికి కాలికి నేల కావాలి, ఆ పడమటి వాలంతా గడ్డే. కొందరు మంటకు ఎదురుపోబోతే అత్త గట్టిగా అరిచింది.

"ఆ పక్కకు పోవాకండి! అది పోయింది, పోనీండి. దోవ మీద నిలబడండి! దోవలో గడ్డి ల్యాదు, మంట ఆడికొచ్చి ఆగల్ల. ఆగిన కాడ కొట్టండి!"

ఎన్ని తరాల కాళ్లు తొక్కితేనో ఆ దోవలో గడ్డిపోచ మొలవకుండా అయింది. మేమంతా దాని పొడుగునా వరసగా నిలబడ్డాం. మంట వచ్చింది. వేడికి కళ్లు తెరవలేకపోయాం. సీతాఫలం ఆకులు మండే వాసన, పచ్చికొమ్మ కాలే వాసన, ఎక్కడో బండ పగిలిన చప్పుడు. నా పక్కనున్న ఆమె చీర అంచుకు నిప్పు అంటుకుంటే చేత్తోనే అదిమి ఆర్పాను. దోవ అవతలికి ఎగిరిపడిన ప్రతి నిప్పురవ్వ మీదా ఎవరిదో ఒకరి కొమ్మ పడింది. మామ తూర్పు వాలు మీదున్న గొర్రెలను కిందికి తోలి, తిరిగి పైకి వచ్చి మాతో కలిశాడు. పొద్దు వాలే సమయానికి మంట దోవను దాటలేక, తిండి లేక తనంతట తాను చచ్చింది.

పడమటి వాలు మొత్తం నల్లగా అయిపోయింది. తూర్పు వాలు పచ్చగా మిగిలింది. మధ్యలో దోవ, పాపిడి తీసినట్టు. దిగేటప్పుడు మా ముఖాలు మేమే గుర్తుపట్టలేదు. అరచేతులు బొబ్బలు. కానీ ఎవరి నోటా ఏడుపు లేదు. నేను ఆ ఊరి మనిషినైంది పెళ్లినాడు కాదు, ఆ సాయంత్రం.

అసలు నష్టం మంటతో రాలేదు, వానతో వచ్చింది. మా సీమలో వాన అంటే ఎదురుచూసి ఎదురుచూసి కళ్లు కాయలు కాస్తాయి. ఆ ఏడు తొలకరిలో పడే ముంగారు వాన ఒక్కసారిగా కుండపోతగా పడింది. ఊరంతా సంతోషంగా వీధుల్లోకి వచ్చింది. కాసేపటికి కొండ మీద నుంచి వింత చప్పుడు. గడ్డి వేళ్లు లేవు, మట్టిని పట్టుకునే పొద లేదు. బూడిద, మట్టి, రాళ్లు కలిసి నల్లటి నీళ్లు కిందికి దూకాయి. ఎటు పోవాలో తెలియని నీళ్లకు దోవ దొరికింది. మనుషులు నడిచే దోవ వాగులా పారే వంకైపోయింది.

తెల్లవారి అత్త, నేను ఎక్కి చూశాం. మంటను ఆపిన దోవ ఎక్కడుందో కనబడలేదు. మోకాలి లోతు గండ్లు, వాటిలో దొర్లిపడిన గుండ్లు. దోనకు కింద వాలు విరిగి ఒకచోట దోవ మొత్తం లోయలోకి జారిపోయింది. దోన నిండా బూడిద బురద. కాలిన రాయి పక్కన ఒక తాబేలు చిప్ప దొరికింది, లోపల ఏమీ లేదు. అత్త దాన్ని చేతిలోకి తీసుకుని, మళ్లీ అక్కడే పెట్టింది. కింద మా చెనక్కాయ చేను మీద కంకర పరుచుకుని ఉంది.

హైస్కూలు పిల్లల చదువు ఆగేట్టు అయింది. మగపిల్లలు ఎలాగో పాక్కుంటూ దాటేవాళ్లు. ఆడపిల్లలను పంపడానికి ఇళ్లల్లో ఒప్పుకోలేదు. అత్త తన తల్లిని చూసి చాలా రోజులైంది. ఒకసారి బస్సులో పోయి వచ్చి, "బస్సులో పోతే పుట్టింటికి పోయినట్ల ల్యాదు, ఆసుపత్రికి పోయినట్ల ఉండాది," అంది.

పొదుపు సంఘం ఆడవాళ్లు శనివారం బడి వరండాలో కూర్చునేవాళ్లు. అక్కడ అత్త లేచి, దోవ మనమే వేసుకుందామంది. ఒకామె, "ఏసినాంక మళ్లా వాన కొట్టకపోతాదా అక్కా? ఎన్నిసార్లు ఏస్తాం?" అని అడిగింది. నా నోటి నుంచి అనుకోకుండా మాట వచ్చింది.

"మా నాయన ఎప్పుడూ చెప్తుంటాడు, రైలు బరువుకు పట్టాలు చెడవంట, కింద నిలిచిన నీళ్లకు చెడతాయంట. వాళ్లు పట్టాల కంటే ముందు నీళ్లు పోయే మోరీలు చూసుకుంటారు."

అందరూ నావైపు తిరిగారు. కొత్త కోడలు సంఘంలో మాట్లాడడం అదే మొదలు. అత్త నాతో, "మీ నాయన్ను పిలిపీ," అంది.

నాయన సెలవు పెట్టి వచ్చాడు. లుంగీ ఎగ్గట్టి కొండంతా తిరిగాడు. కూర్చుని మట్టిని వేళ్లతో నలిపి చూశాడు. నీళ్లు ఎక్కడెక్కడ మలుపు తిరిగాయో ఆ జాడలన్నీ నడిచి చూశాడు. దిగివచ్చి అత్తతో అన్నాడు.

"చెల్లెమ్మా, మీ దోవ తిన్నగా పైకి పోతాండాది. అందుకే నీళ్లు దాన్నే పట్టుకున్న్యాయి. దోవను అడ్డంగా తిప్పి తిప్పి ఎక్కించల్ల. నడిమధ్యల ఏటవాలుగా అడ్డరాళ్లు పాతండి. రాయికి తగిలి నీళ్లు పక్కకు పోతాయి. నీళ్లకు దోవ ఇడిస్తే మన దోవ మనకు మిగుల్తాది."

"అంతేనా అన్నా?" అంది అత్త.

"అంతే గాదు. పై వాలుమీద గడ్డి రాకుంటే ఎన్ని రాళ్లు పాతినా నిలబడవు. గడ్డిని కాపాడుకోండి."

ఆ రెండో మాటే మాకు కష్టం తెచ్చింది.

అడవి గార్డు దగ్గర అనుమతి అడిగితే, ఆయన సంతోషంగా ఒప్పుకుని గడ్డపారలు కూడా పంపించాడు. చేలో పని లేని ప్రతి రోజూ ఆడవాళ్లం కొండ ఎక్కాం. పొద్దున సంగటి, ఊరిబిండి పచ్చడి మూటగట్టుకుని పోయేవాళ్లం. గడ్డపారతో రాయిని పెకలించడం, దాన్ని కదిలించి దొర్లించడం, సరిగ్గా కూర్చునేదాకా కింద చిన్నరాళ్లు కుక్కడం, అన్నీ నేర్చుకున్నాం. ఒక్కోరాయి సగం దినం తినేది. అది కదలకుండా కూర్చున్నాక దానిమీద ఎక్కి గెంతి చూసేవాళ్లం. అత్త అందరికంటే ఎక్కువ గెంతేది. నేను అప్పుడు కడుపుతో ఉన్నాను. నన్ను బరువు మోయనీయలేదు. చిన్నరాళ్లు అందిస్తూ, నీళ్లు ఎటు పోతాయో చెంబుతో పోసి చూపిస్తూ ఉండేదాన్ని. నన్ను "ఇంజినీరమ్మా" అని ఏడిపించేవాళ్లు. ఎగతాళికే అన్నా ఆ పిలుపు వింటే నాకు లోపల ఎంత బాగుండేదో.

కాలిన వాలు మీదికి గొర్రెలు, మేకలు ఎక్కకూడదని ఊరంతా ఒప్పుకుంది. మామ కూడా తలూపాడు. కానీ మొదటి వాన తర్వాత మళ్లీ చినుకు లేదు. చేలు ఎండాయి, బీళ్లు ఎండాయి. కాలిన వాలు మీద మాత్రం నల్ల నేలలోంచి లేత గడ్డి సూదుల్లా లేచింది. ఆకలితో ఉన్న మందకు అంతకంటే రుచి ఏముంది? ఒక పొద్దున మామ తన మందను ఆ వైపు తోలాడు.

మేము అప్పటికే పనిలో ఉన్నాం. గొర్రెల గంట వినబడగానే అత్త చేతిలోని పార కింద పెట్టింది. దిగి, కొత్తగా పాతిన అడ్డరాయి మీద కూర్చుంది. దోవకు అడ్డంగా, కాళ్లు చాపుకుని. మంద ఆమె ముందుకొచ్చి ఆగింది. వెనక మామ.

"లెయ్," అన్నాడు మామ.

"లెయ్యను."

"గొర్రెలు చస్తాండాయే! యాడ మేపల్ల నేను? చెప్పు, యాడ మేపల్ల?"

"యాడన్నా మేపు. ఈడ మాత్రం వద్దు. ఈ గడ్డి పోతే మన చేను మళ్లా కంకరే. చేను పోయినాంక నీ గొర్రెలకు ఏం పెడ్తావు?"

"ఇంత మందిలో నన్ను నిలదీస్తాండావా?"

"నిన్ను గాదయ్యా. ఇంకొకరి మంద వచ్చినా ఇట్నే కూచుంటా. నీ మందకు దోవ ఇడిస్తే రేపు ఇంకొకర్ని ఏ ముఖం పెట్టుకోని ఆపల్ల?"

ఒక గొర్రెపిల్ల అత్త చాపిన కాళ్ల మీదుగా గెంతి పైకి పోయింది. అత్త దాన్ని ఒడిసిపట్టుకుని, చంకలో పెట్టుకుని అలాగే కూర్చుంది. మామ చివరికి నోటితో ఒక కూత వేశాడు. మంద వెనక్కి తిరిగింది. అత్త లేచి, గొర్రెపిల్లను తీసుకుపోయి ఆయన చేతికిచ్చింది. ఆయన ఆమె ముఖం చూడలేదు.

ఆ తర్వాత ఇంట్లో చాలా రోజులు మాటల్లేవు. ఆమె వడ్డించేది, ఆయన తినేవాడు. ఆ కరువులో మేత దొరక్క మామ కొన్ని గొర్రెలను అమ్ముకున్నాడు. వాటిని లారీకి ఎక్కించిన రోజు ఆయన అన్నం ముట్టలేదు. అత్త కూడా తినలేదు, పెరట్లో పనేదో ఉన్నట్టు తిరుగుతూ ఉండిపోయింది. గెలిచానన్న మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. ఆ దోవకు మా ఇల్లు పెట్టిన ఖర్చు అది.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం మామ భుజాన ముళ్లకంప మోపు వేసుకుని వచ్చాడు. మరుసటి పొద్దున దాన్ని తీసుకుపోయి కాలిన వాలు మొదట్లో అడ్డంగా పరిచాడు. ఇంకోరోజు ఇంకో మోపు. వేరే గొర్రెలకాపరులు అటు వస్తే, అత్త లేకపోయినా ఆయనే ఆపేవాడు.

"యాడికప్పా? నావే పోల్యా, నీవి పోతాయా?" అనేవాడు.

వాళ్లు మందను తిప్పుకుని పోయేవాళ్లు.

కొండ తేరుకోవడం నేను దగ్గర నుంచి చూశాను. చచ్చిపోయాయనుకున్న సీతాఫలం మొద్దులకు కింద మొదట్లో లేత ఆకులు వచ్చాయి. తర్వాత బందారు. తర్వాత బోదగడ్డి, మొదట అక్కడొకటి ఇక్కడొకటి, రెండో ఏటికి గుబురుగా. మాయమైన కౌజుపిట్టలు మళ్లీ పొదల్లోంచి బుర్రుమని లేచేవి. అన్నీ రాలేదు. దోన పక్కన నీడనిచ్చే పెద్ద చెట్టొకటి మళ్లీ చిగురించలేదు. దాని మోడు చాలా ఏళ్లు అలాగే నిలబడింది. జారిపోయిన వాలు దగ్గర ఇప్పటికీ బోడిగానే ఉంటుంది. అక్కడ దోవను పైనుంచి చుట్టుతిప్పాం.

నా కూతురు పాకే వయసుకు దోవ పూర్తయింది. తర్వాత వచ్చిన పెద్ద వానకు అత్త, నేను గొడుగు కూడా లేకుండా మొదటి మలుపు దాకా ఎక్కి చూశాం. నీళ్లు దోవవెంట దిగి వచ్చి, అడ్డరాయికి తగిలి, బుద్ధిగా పక్కకు తిరిగి గడ్డిలోకి పోయాయి. ఇంకో రాయి దగ్గర మళ్లీ అంతే. నీళ్లు తేటగా ఉన్నాయి. అత్త తడిసిపోయిన ముఖంతో నన్ను చూసి, "మీ నాయనకు ఫోన్ చెయ్," అంది. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ఎస్టీడీ బూతుకు ఆ తడి చీరతోనే పోయి చేశాను. నాయన అవతల నుంచి ఒక్కటే అడిగాడు, అడ్డరాయి ఏదైనా కదిలిందా అని.

కొండ అవతల నుంచి మొదట వచ్చింది అత్త తల్లి. కర్ర పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా, ఒంటరిగా దాటి వచ్చేసింది. గడపలో కూర్చుని నీళ్లు తాగి, "ఏంమే, అంత నున్నగా ఏసినారు దోవ? కొండెక్కినట్లే ల్యాదు," అని విసుక్కుంది. అత్త తల్లి కాళ్లు ఒడిలో పెట్టుకుని ఒత్తుతూ కూర్చుంది. ఆ పూట ఆమె మాట పదును ఎటు పోయిందో.

రెండువేల సంవత్సరం దాటాక బెంగుళూరు నుంచి కొత్తరకం మనుషులు రావడం మొదలైంది. వీపున సంచులు, కాళ్లకు లావు బూట్లు. సెలవు రోజుల్లో కొండలెక్కడానికే వస్తారట. పని లేకుండా కొండెక్కేవాళ్లు కూడా ఉంటారా అని అత్తకు నమ్మకం కలగలేదు. ఒక ఆదివారం మేము అవతలి ఊరి నుంచి వస్తుంటే, దోన పక్కన అలా వచ్చిన కొందరు కాలేజీ వయసు పిల్లలు మూడు రాళ్లు పెట్టి, ఎండుపుల్లలతో మంట వేసి ఏదో ఉడికించుకుంటున్నారు. వేసవి. చుట్టూ ఎండిన బోదగడ్డి.

అత్త బుట్ట కింద పెట్టి నేరుగా పోయి, మేము బురద ఎత్తిపోసి బాగుచేసిన దోనలోంచి చెంబుడు నీళ్లు ముంచి మంట మీద పోసేసింది. గిన్నెలోని తిండి మీద బూడిద పడింది. వాళ్లు కోపంగా లేచారు. అత్తకు వచ్చిన కన్నడంలో, మధ్యలో తెలుగు కలిపి, గడ్డి చూపించి, గాలి చూపించి, మోడైన చెట్టు చూపించి చెప్పింది. వాళ్ల కోపం మెల్లగా దిగింది. ఒకమ్మాయి క్షమించమని అడిగి, మిగిలిన నిప్పును తన బూటుతో తానే తొక్కి ఆర్పింది. అత్త బుట్ట విప్పి పుట్టింటివాళ్లిచ్చిన బొరుగులు వాళ్లకు పంచింది.

తింటూ ఆ అమ్మాయి అడిగింది. చాలా కొండలెక్కామనీ, వానకు కోసుకుపోని దోవ ఎక్కడో గానీ చూడలేదనీ, ఇది ఏ డిపార్ట్‌మెంట్ వేసిందనీ.

అత్త నావైపు చూసింది. "నువ్వే చెప్పు. నీదే గదా ఆ నీళ్ల మాట," అంది.

నేను వాళ్లను వెంటబెట్టుకుని కిందిదాకా దిగాను. ప్రతి మలుపు దగ్గరా ఆగి, ఏ రాయిని ఎవరు పెకలించారో, ఏ రాయి ఎవరి కాలిమీద పడబోయిందో, మా అత్త కాళ్లు చాపుకుని ఏ రాయి మీద కూర్చుందో చూపించాను. మా నాయన గురించి చెప్పాను. గొర్రెలమ్ముకున్న మామ గురించి చెప్పాను. వెనక అత్త బుట్టతో వస్తూ, నేను ఎక్కడైనా తగ్గించి చెబితే "అట్ల గాదు, ఇంకా పెద్దరాయి అది" అని సరిచేస్తూ వచ్చింది. ఊళ్లోకి దిగేసరికి నా గొంతు బొంగురుపోయింది. వాళ్లు బస్సుకు పోతూ చేతులూపారు. మామ కొట్టం ముందు గొర్రెలకు నీళ్లు పెడుతూ, ఎవరు వాళ్లని అడిగాడు.

"మన దోవ చూసేకి వచ్చినారు," అంది అత్త.